నూతిలో లాంతరు: పరవాడ సూపర్‌వైజర్లకు ఫోన్ తెర మీద భద్రత పాఠం – ఒక కేస్ స్టడీ

ఆ పర్మిట్ కాగితం (పని మొదలుపెట్టే ముందు రాసే అనుమతి పత్రం) నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టే ఉంది. ఈటీపీ (ఫ్యాక్టరీ మురుగునీటిని శుద్ధి చేసే ప్లాంటు) సంప్‌లోకి, అంటే ఆ నీళ్లు చేరే గుంతలోకి, మనుషుల్ని దింపే పని. గ్యాస్ రీడింగులు రాయాల్సిన గడులు నాలుగు: ఉదయం 9, 11, మధ్యాహ్నం 2, సాయంత్రం 4. నాలుగింటిలోనూ ఆక్సిజన్ 20.9 శాతం. నాలుగూ ఒకే పెన్నుతో, ఒకే వాలుతో, ఒకదాని కింద ఒకటి. నేను ఆ కాగితం చూసేసరికి టైము పదకొండున్నర. మధ్యాహ్నం రీడింగు, సాయంత్రం రీడింగు అప్పటికే రాసేసి ఉన్నాయి.

పని ఆపించి, లోపలున్న ఇద్దర్నీ పైకి రప్పించాం. వాళ్లకేమీ కాలేదు. కాగితం మీద సంతకం పెట్టిన సూపర్‌వైజర్ పది రోజుల కిందటే నా ఆన్‌లైన్ క్లాసు పూర్తి చేసినవాడు. పరీక్షలో ఇరవైకి ఇరవై వచ్చాయి. పక్కకు తీసుకెళ్లి ఎందుకిలా చేశావని అడిగాను. తల దించుకునే చెప్పాడు: "మేడం, లిమిట్ ఎంత అని మీరు అడిగారు, చెప్పాను. మీటరు నా చేతికి ఎప్పుడొస్తదో మీరు అడగలేదు."

నేను విశాఖపట్నంలో పారిశ్రామిక భద్రత మీద శిక్షణ ఇస్తుంటాను. గాజువాక, పరవాడ, అచ్యుతాపురం వైపు ఫ్యాక్టరీల్లో కాంట్రాక్టర్ల కింద పనిచేసే సూపర్‌వైజర్లు, ఫోర్‌మెన్‌లే నా దగ్గరకు ఎక్కువగా వస్తారు. ఈ కేసులో నేర్పాల్సింది కన్ఫైన్డ్ స్పేస్ పని. రియాక్టర్లు, ట్యాంకులు, సంప్‌లు, మ్యాన్‌హోల్ గుండా తప్ప దిగలేని ఇరుకు చోట్లు. అలాంటి చోట ఒకడు పడిపోతే పక్కవాడు ఆలోచించకుండా దూకేస్తాడు. ఈ ప్రమాదాల్లో చనిపోయినవాళ్లలో 60 శాతానికి పైగా కాపాడదామని దిగినవాళ్లేనని అమెరికాలో పనిచోటి భద్రత మీద పరిశోధన చేసే నియోష్ సంస్థ 1986లోనే హెచ్చరించింది. అందుకే ఆ నాలుగు 20.9లు చూసి నాకు కోపం కంటే ముందు భయం వేసింది. నేను నేర్పానని అనుకున్నది ఆ మనిషి చేతిదాకా వెళ్లలేదు.

మొదటి బ్యాచ్ ఎలా నడిచిందంటే

31 మంది. అందరికంటే చిన్నవాడికి 24, పెద్దాయనకు 56. మూడు సాయంత్రాలు, రోజుకు గంటన్నర, జూమ్‌లో. మొత్తం 64 స్లైడ్లు. అక్షరాలు ఇంగ్లిషులో, నా మాట తెలుగులో. ఏడు గంటలకు మొదలుపెట్టేదాన్ని. అప్పటికి ఎ షిఫ్టు వాళ్లు ఇంట్లో ఉంటారు. జనరల్ షిఫ్టు వాళ్లు లంకెలపాలెం దాటి కూర్మన్నపాలెం వైపు బస్సులో నిలబడి ఉంటారు. బి షిఫ్టు వాళ్లు ప్లాంటులోనే ఉంటారు, వాళ్ల ఫోన్లు గేటు దగ్గర డిపాజిట్‌లో ఉంటాయి. ఇదంతా నాకు తెలియనిది కాదు. తెలిసీ ఏడు గంటలకే పెట్టాను, ఎందుకంటే నాకు కుదిరే టైము అది.

తెర నిండా నల్లటి గడులు. "అర్థమైందా?" అంటే చాట్‌లో వరసగా "అర్థమైంది మేడం" అని వచ్చేది. చివర గూగుల్ ఫారంలో ఇరవై ప్రశ్నలు పెట్టాను. జవాబులు వాట్సాప్ గ్రూపులో ఒకరి నుంచి ఒకరికి వెళ్లాయని తర్వాత వాళ్లే చెప్పారు.

పెద్దవాళ్లకు ఆన్‌లైన్‌లో చెప్పలేమని మా వృత్తిలో చాలామంది అంటారు. ఆ పర్మిట్ చూసిన రాత్రి నేనూ అదే అనుకున్నాను. తెల్లవారాక ఆలోచిస్తే ఆ మాట నిలబడలేదు. ఇవే స్లైడ్లు హాల్లో చెప్పినప్పుడూ జనం ఇలాగే మౌనంగా ఉండేవారు. హాల్లో తలలు ఊపడం కనిపించేది, దాన్నే నేను నేర్చుకోవడం అనుకున్నాను. ఫోన్ తెర ఆ తలల్ని తీసేసింది, అంతే.

పెద్దల చదువు గురించి అమెరికన్ విద్యావేత్త మాల్కం నోల్స్ 1960ల చివరి నుంచి ఆండ్రగాగీ పేరుతో చెప్పుకొచ్చిన సంగతులు ఈ రంగంలో అందరికీ తెలిసినవే. ఎందుకు నేర్చుకోవాలో ముందు తెలియాలి. తన నిర్ణయం తన చేతిలో ఉండాలి. తన అనుభవానికి క్లాసులో చోటుండాలి. నేర్చుకున్నది రేపటి పనిలో అక్కరకు రావాలి. పాఠం సబ్జెక్టు చుట్టూ కాక, ఎదురైన చిక్కు చుట్టూ తిరగాలి. మార్కుల కంటే లోపలి కోరిక బలంగా లాగుతుంది. ఇవన్నీ నేను తోటి శిక్షకులకు చెప్పినవే. నా 64 స్లైడ్లలో ఒక్కటీ లేదు.

పుస్తకాల దాకా కూడా పోనక్కరలేదు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకోవడానికి రాత్రి బడికి వచ్చిన ఆడవాళ్లు వాచకంలో సారా మీద ఉన్న కథ చదివారు. ఇది మన ఇంటి కథే కదా అనుకున్నారు. ఊళ్లో సారా దుకాణం మూయించారు. ఆ కదలిక జిల్లాలు దాటి, 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధం దాకా వెళ్లింది. ఆ వాచకంలో వాళ్ల బతుకు ఉంది. నా స్లైడ్లలో పరవాడ లేదు, కాంట్రాక్టరు లేడు, మూడు పనుల మధ్య తిరిగే ఒక్క మీటరు లేదు.

ముందు ఫోన్ చేశాను

రెండో బ్యాచ్‌లో 28 మంది. క్లాసు మొదలయ్యే ముందు వారం వాళ్లలో సగం మందికి నేనే ఫోన్ చేశాను. ఒక్కటే ప్రశ్న: "ఈ మధ్య పర్మిట్ పనిలో మిమ్మల్ని ఇరుకున పెట్టింది ఏంటి?"

ఆక్సిజన్ లిమిట్ తెలియదని ఒక్కరూ అనలేదు. వచ్చిన మాటలు వేరు. "మీటరు ఒక్కటే మేడం, మూడు చోట్ల పని. అది వచ్చేదాకా ఆగితే కాంట్రాక్టరు ఊరుకోడు." "హెల్పర్లు ఒడిశా నుంచి, జార్ఖండ్ నుంచి వస్తారు. నా హిందీ వాళ్లకు తెలీదు, వాళ్ల హిందీ నాకు తెలీదు." "ప్రొడక్షన్ వాళ్లు వాల్వ్ కట్టేశాం, దిగండి అంటారు. నమ్మాలా, వద్దా?"

ఈ మూడు మాటలే మూడు వారాల కోర్సు అయ్యాయి. ఏది ముందు అన్నది వాళ్లనే తేల్చమన్నాను. గ్యాసు ముందు, వాల్వ్ రెండోది, హెల్పర్లు మూడోది అన్నారు. ఆక్సిజన్ 19.5 శాతం కంటే తగ్గినా 23.5 దాటినా దిగకూడదని, మండే గ్యాసు ఎల్‌ఈఎల్‌లో (గాలిలో అంటుకోవడానికి కావలసిన కనీస మోతాదులో) 10 శాతానికి చేరకూడదని, ఇలాంటి అంకెలన్నీ ఆ చిక్కులు విప్పేటప్పుడు అవసరమైన చోట వచ్చాయి.

క్లాసు 40 నిమిషాలకు తగ్గించాను. అదే క్లాసు రెండుసార్లు, ఉదయం పదిన్నరకు ఒకసారి, రాత్రి ఎనిమిదిన్నరకు ఒకసారి. షిఫ్టు మారితే ఏ పూటకైనా రావచ్చు. టైపు చేయమనడం మానేసి, వాయిస్ మెసేజ్‌లు పంపమన్నాను. ఈ మార్పుకు నాకు ఖర్చేమీ కాలేదు గానీ, అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చింది ఇదే. ఫోన్ మీద తెలుగు టైపు చేయలేక ఒక్క ముక్కతో సరిపెట్టే మనిషి, వాయిస్‌లో రెండు నిమిషాలు ఆగకుండా చెబుతాడు.

లాంతరు

మొదటి రాత్రి క్లాసులో ఇలా అడిగాను: "మీటర్లు లేని రోజుల్లో లోపల గాలి బాగుందో లేదో ఎలా తెలుసుకునేవారు?" అడిగి ఊరుకున్నాను. ఆన్‌లైన్‌లో ఊరుకోవడం కష్టం. మ్యూట్ తీయడానికి, మాట వెతుక్కోవడానికి, నెట్ అందుకోవడానికి టైము కావాలి. మనసులో ఇరవై దాకా లెక్కపెట్టుకున్నాను. పద్దెనిమిది దగ్గర ఒక గొంతు వచ్చింది. సబ్బవరం వైపు మనిషి, యాభై దాటిన సూపర్‌వైజర్.

"అమ్మా, మా అయ్య నూతులు పూడిక తీసీవోడు. దిగీ ముందర తాడుకి లాంతరు కట్టి దింపీవోడు. ఆరిపోతే దిగీవోడు కాదు. ఎలుగుతుంటే దిగీసీవోడు. సిన్నప్పుడు ఆ తాడు నాను పట్టుకున్నాను."

ఆ తర్వాత నేను ఎవర్నీ అడగాల్సిన పని లేకపోయింది. తమ ఊళ్లో పచ్చి కొమ్మ నరికి నూతిలో దింపి కాసేపు ఊపేవారని ఒకరు. బకెట్లతో నీళ్లు కుమ్మరించేవారని ఇంకొకరు. ఆ వరసలోనే ఒకతను మామూలుగా అన్నాడు: "మా సంప్‌లో అయితే వాసన చూస్తాం మేడం. వాసన లేకపోతే దిగిపోతాం."

ఈ కేసులో నాకు అన్నిటికంటే ముఖ్యమైన క్షణం అది. తప్పు అని నేను ఆపితే, లాంతరు చెప్పిన పెద్దాయనతో సహా అందరూ మళ్లీ నల్లటి గడుల వెనక్కి పోతారు. బాగా చెప్పారు అని ముందుకు పోతే, ముక్కుతో చూసి దిగొచ్చని 28 మంది దగ్గరా నేనే ఒప్పుకున్నట్టవుతుంది. పెద్దవాళ్ల అనుభవాన్ని గౌరవించాలని మేమంతా చెప్తాం. అందులో సగమే చెప్తున్నామని నాకు ఆ రాత్రి తెలిసింది. ఇరవై ఏళ్లు వాసన చూసి దిగినా ఏమీ కాకపోతే, ఆ అలవాటు నిజంలా కనిపిస్తుంది. అనుభవానికి చోటివ్వాలి, దాన్ని నిగ్గు తేల్చే పనిని కూడా వాళ్ల చేతికే ఇవ్వాలి.

నలుగురైదుగురు చొప్పున బ్రేకవుట్ గదుల్లోకి పంపాను. పని ఒక్కటే: "లాంతరు వెలుగుతూనే ఉంది. అయినా దిగిన మనిషి పడిపోయాడు. ఎలా జరిగి ఉంటుంది? ఎన్ని దారులు తోస్తే అన్ని చెప్పండి. ఎనిమిది నిమిషాలు." చేతిలో ఉంచుకోవడానికి ఒక చిన్న బొమ్మ వాట్సాప్‌లో పంపాను. దాని మీద నాలుగు సంగతులే ఉన్నాయి. మామూలు గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం ఉంటుంది, దీపం మాత్రం సుమారు 16 శాతానికి పడిపోయేదాకా వెలుగుతుంది. నైట్రోజన్‌కు, కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు. హైడ్రోజన్ సల్ఫైడ్ కుళ్లిన గుడ్డు వాసన వేస్తుంది గానీ, 100 పీపీఎం (పది లక్షల భాగాల గాలిలో వంద భాగాలు) దగ్గరకు వచ్చేసరికి ముక్కు మొద్దుబారి ఆ వాసనే తెలియదు. అది గాలి కంటే బరువు.

తిరిగొచ్చాక ఒక గది వాళ్లు చెప్పారు: లాంతరు సగం దాకానే దింపి ఉంటారు, అడుగున గాలి వేరు. ఇంకో గది: మండే గ్యాసు ఉంటే ఆ లాంతరే అంటిస్తుంది. మూడో గదిలో ఈటీపీలో పనిచేసే ఒకతను నా బొమ్మలో లేనిది చెప్పాడు: "దింపినప్పుడు బాగానే ఉంటాది మేడం. దిగి బురద కదిపితే అప్పుడు లేస్తాది గ్యాసు." రెండు గంటలకోసారి రీడింగు ఎందుకు తీయాలో చెప్పడానికి నేను రెండు స్లైడ్లు పెట్టుకున్నాను. ఆ ఒక్క మాట తర్వాత అవి తెరవలేదు.

అందరూ అయిపోయాక పెద్దాయన మళ్లీ మ్యూట్ తీశాడు. "అంటే మా అయ్య లాంతరు ఒక్క అంకే సెప్పీదమ్మా. అదీ ఆలీసెంగా సెప్పీది. ఈ మీటరు నాలుగు సెప్తాది. తాడు మాత్రం దేనికైనా ఒకటే. అడుగు దాకా దింపాల."

పైన, మధ్యలో, అడుగున, మూడు చోట్లా రీడింగు తీయాలన్న నిబంధనను ఇంతకంటే బాగా చెప్పగలిగిన స్లైడు నా దగ్గర లేదు. అప్పటి నుంచి ఆ బ్యాచ్‌లో "తాడు అడుగుదాకా వెళ్లిందా?" అన్నది అందరి నోట్లో నానిన మాట అయింది.

ఆ క్లాసులోనే గోపాలపట్నం వైపు ఉండే ఒక కుర్రాడు 2020 మే 7 తెల్లవారుజాము గురించి చెప్పాడు. ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ నుంచి లీకైన స్టైరీన్ ఆవిరి నేలను పట్టుకుని వచ్చిందన్నాడు. ఈ ఊళ్లో ఆ రోజు తెలియని మనిషి లేడు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు. స్టైరీన్ ఆవిరి గాలి కంటే మూడున్నర రెట్లకు పైగా బరువు. మీ ప్లాంటులో ఇలా కిందికి దిగే ఆవిర్లు ఏమున్నాయని ఆ తర్వాత మెల్లగా అడిగాను. టోలుయీన్, అసిటోన్, మిథిలీన్ క్లోరైడ్, ఒక్కొక్కటే వచ్చాయి.

చేత్తో గీసిన బొమ్మలు

ప్లాంటు లోపల ఫొటోలు కుదరవు. అందుకని, తాము రోజూ చూసే ఒక వెసెల్‌ను ఇంటి దగ్గర కాగితం మీద గీసి, దాని ఫొటో పంపమన్నాను. దానికి ఏయే లైన్లు వస్తాయో, దిగే ముందు ఎక్కడ తెగగొడతారో గీతల్లో చూపాలి. బొమ్మ అందంగా ఉండక్కరలేదన్నాను.

క్యాలెండర్ కాగితం వెనక గీసిన ఒక రియాక్టర్ బొమ్మ నాకు గుర్తుంది. పిల్లల స్కెచ్ పెన్నులు వాడినట్టున్నాడు. నీటి లైను నీలం, ఆవిరి లైను ఎరుపు, నైట్రోజన్ ఆకుపచ్చ. నైట్రోజన్ లైను మీద వాల్వ్ గుర్తు వేసి, పక్కన "క్లోజ్" అని రాశాడు. గ్రూపులో పెట్టగానే, ఫిట్టరుగా మొదలై సూపర్‌వైజర్ అయిన ఇంకొకతను వాయిస్ పెట్టాడు: "బొమ్మ బాగుంది తమ్ముడూ. బ్లైండ్ ఏది?" బ్లైండ్ అంటే లైను మధ్యలో బిగించి దాన్ని పూర్తిగా మూసేసే పలక.

"వాల్వ్ కట్టేశాం కదన్నా."

"కట్టినా పాసింగ్ ఉంటే? సీటు అరిగిపోతే హ్యాండిల్ కట్టే ఉంటాది, లోపల నుంచి పోతూనే ఉంటాది. నైట్రోజన్‌కి వాసన కూడా ఉండదు."

పది నిమిషాల తర్వాత అదే కాగితం మళ్లీ వచ్చింది. ఆకుపచ్చ గీత మధ్యలో నల్ల పెన్నుతో దిద్దిన బ్లైండ్ ఉంది. అసలు నమ్మాలా వద్దా అన్న ప్రశ్నకు జవాబు కూడా అక్కడే దొరికింది. ప్రొడక్షన్ వాళ్లతో వాదన పెట్టుకోనక్కరలేదు. "సార్, బ్లైండ్ లిస్టు ఒకసారి చూపించండి" అంటే చాలు. ఆ వాక్యం ఎలా అనాలో జంటలుగా ఫోన్లో ఒకరితో ఒకరు సాధన చేశారు. ఒకరు ప్రొడక్షన్ ఇంజినీరు, ఒకరు సూపర్‌వైజర్. గొంతు ఎక్కడ తగ్గిపోతుందో వాళ్లే పట్టుకుని సరిచేసుకున్నారు.

లోపలికి దింపే చేతి లైటు గురించి ఒకరు అడిగితే, 1948 ఫ్యాక్టరీల చట్టం 36-ఎ సెక్షన్ ఇలాంటి చోట్ల లైటుకు పెట్టిన 24 వోల్టుల పరిమితి చెప్పాను. వాళ్లకు కావలసిన రోజున చెప్పాను కాబట్టి అది గుర్తుండిపోయింది. మొదటి బ్యాచ్‌కు ఇదే సంగతి 41వ స్లైడులో చెప్పాను.

మూడో వారం హెల్పర్ల సంగతి. రెండు నిమిషాల టూల్‌బాక్స్ టాక్ (పని మొదలయ్యే ముందు చెప్పే భద్రత మాటలు) తమ గొంతుతో రికార్డు చేసి పంపాలి. హిందీ వాక్యాలు అందరూ కలిసి కట్టుకున్నారు. "మీటర్ బోలేగా, తభీ ఉతర్‌నా" (మీటరు చెప్తేనే దిగాలి). "సాథీ గిరే తో కూద్‌నా నహీ, చిల్లానా" (తోటివాడు పడిపోతే దూకొద్దు, కేకెయ్యి). ఒకతను తన దగ్గర పనిచేసే ఒడియా కుర్రాడి చేతే ఆ మాటలు ఒడియాలో చెప్పించి పంపాడు. ఆ ఒక్క వాయిస్ మెసేజ్‌ను మిగతావాళ్లంతా దాచుకుని వాడుకుంటున్నారు.

కుదరనివి

కెమెరా పెట్టమని మొదట్లో గట్టిగానే అడిగాను. "ఒకటే గది మేడం, పిల్లలు పడుకున్నారు" అని ఒకరు పంపారు. మళ్లీ అడగలేదు. పాల్గొంటున్నారా లేదా అన్నది వాయిస్‌లోనే తెలిసిపోతుంది.

అనుభవానికి చోటిస్తే, అనుభవం ఎక్కువ ఉన్నవాళ్లే చోటంతా తీసుకుంటారు. రెండో క్లాసుకే పాతికేళ్ల కుర్రాళ్లు నోరు మెదపడం మానేశారు. అప్పటి నుంచి గ్రూపులో ప్రశ్న పెట్టగానే మొదటి గంట ఐదేళ్లలోపు సర్వీసు ఉన్నవాళ్లదే అని నియమం పెట్టాను. పెద్దవాళ్లు ముందు కాస్త నొచ్చుకున్నా, తర్వాత వాళ్లే కాపలా కాశారు: "ఉండండ్రా, ముందు తమ్ముళ్లని సెప్పనీండి."

మూడు రోజులకోసారి గుర్తు చేసే ప్రశ్న పంపడం రెండో వారానికే చప్పబడింది. నేను పంపడం మానేసి, ఆ రోజు తమ పనిలో వచ్చిన చిక్కునే ఒక్కొక్కరు వంతుల వారీగా ప్రశ్నగా పెట్టమన్నాక మళ్లీ ఊపిరి పోసుకుంది. ఐదుగురు మధ్యలో ఆగిపోయారు. ఇద్దరికి వేరే రాష్ట్రంలో షట్‌డౌన్ పని (ప్లాంటు ఆపి చేసే మరమ్మతులు) తగిలింది. మిగతా ముగ్గురికి ఫోన్ చేసినా ఎత్తలేదు. ఆ ముగ్గురి విషయంలో నా తప్పేదో ఉందని అనుకుంటున్నాను, అదేమిటో ఇంకా పట్టుకోలేకపోయాను.

ఆరు వారాల తర్వాత

చివర రాత పరీక్ష పెట్టలేదు. ఒక్కొక్కరికీ ఆరు నిమిషాల ఫోన్ కాల్. నేనొక పని చెప్తాను, ఏం చేస్తారో వాళ్లు చెప్పాలి. ఎక్కువమంది నేను కథ పూర్తి చేయకముందే అడ్డుపడ్డారు: "మేడం, అడుగున రీడింగు ఎంత?"

ఆరు వారాలకు ఒక సైటుకు వెళ్లినప్పుడు ఈ బ్యాచ్‌లోని ఒకతను రాసిన పర్మిట్ చూశాను. 9.10కి పైన 20.9, మధ్యలో 20.4, అడుగున 18.8. కింద ఒక గీత, "ఎంట్రీ ఆపాం, బ్లోయర్ పెట్టాం" అన్న మాట. 9.55కి అడుగున 20.8. అక్షరాలు వంకరగా ఉన్నాయి, ఒక అంకె కొట్టేసి మళ్లీ రాశాడు. నిలబడి వేడి మీద రాసిన కాగితం అది. ఆ వంకర అక్షరాలు చూసి నాకు ఎంత తేలికైందో చెప్పలేను.

మీటరు మాత్రం ఇంకా మూడు పనులకు ఒక్కటే. శిక్షణతో రెండో మీటరు పుట్టదు. ఆ బ్యాచ్‌లో ఒకే కాంట్రాక్టరు కింద ఉన్న నలుగురు కలిసి, ఏ రోజు ఎంతసేపు మీటరు కోసం ఆగాల్సి వచ్చిందో తేదీలవారీగా రాసి ఆయనకిచ్చారు. ఆ లెక్క రాయాలన్న ఆలోచన నాది కాదు, వాళ్లది. జవాబు ఇంకా రాలేదు.

మూడో బ్యాచ్ వచ్చే సోమవారం మొదలవుతుంది. మొదటి పది నిమిషాలు నేను మాట్లాడను. సబ్బవరం పెద్దాయన మాట్లాడతాడు. లాంతరు ఇంట్లో దొరకలేదట, వాళ్ల అయ్య వాడిన తాడు మాత్రం అటక మీద ఉందన్నాడు. గజానికో ముడి వేసి కెమెరా ముందు పెడతానని నిన్న వాయిస్ పంపాడు.